ఆకలి గొట్టం

హైదరాబాద్,
జూన్ 18, 2012

తాయారత్తకి,

నేను బాగానే ఉన్నాను. మీరిద్దరూ బాగానే ఉన్నారని నమ్మి నేరుగా పనిలోకి దిగుతున్నాను. ఫోన్లో చెబుదామంటే నీ ఎడమ చెవికి నా మాట అందదు, కుడి చెవికి బేకరీ మోత అడ్డం. అందుకే ఈ పెట్టె, ఈ ఉత్తరం.

మేలో ఆమదాలవలస వచ్చినప్పుడు మావయ్య దగ్గర హార్లిక్స్ సీసాడు తోడుపిండి పట్టుకొచ్చాను కదా. మావయ్య నలభై ఒక్క ఏళ్ళ కిందట కల్లుతో దాన్ని మొదలుపెట్టారనీ, పాలు తోడుపెట్టినట్టు రోజూ కొత్త పిండికి కొంచెం పాతది కలిపి బన్నులు పొంగిస్తారనీ మా గైడుగారికి చెబితే ముందు నవ్వారు. తర్వాత చూసి, నీ పీహెచ్‌డీ చివరి అధ్యాయం దీని మీదే చెయ్యమన్నారు. అయితే ఇక్కడికి తెచ్చాక దాని తిండీ నీళ్ళూ మారిపోయాయి. మీ జాడీలో ఉండగా అది ఎలా ఉంటుందో అలా కావాలి మాకు.

పెట్టెలో నాలుగు చిన్న గొట్టాలున్నాయి. రెంటి మీద ‘తిన్నది’ అనీ, రెంటి మీద ‘ఆకలి’ అనీ రాశాను. వాటిలో ఉన్న మందు పడగానే, పిండిని పొంగించే ఆ తోడులోని ఈస్టు ఎలా ఉన్నది అలాగే ఆగిపోతుంది. ఆదివారం జాడీలోంచి చిన్న గిన్నెలోకి కొంచెం తోడు తీసి, సాయంత్రం ఆరింటికి పిండి పెట్టు. ఏడింటికి అందులోంచి కొద్దిగా తీసి ‘తిన్నది’ గొట్టాల్లో వెయ్యి. ఆ తర్వాత సోమవారం సాయంత్రం ఆరు దాకా దానికి పిండి పెట్టొద్దు. అప్పుడు ‘ఆకలి’ గొట్టాలు నింపు. ఐసుతో సహా అదే పెట్టెలో స్పీడ్ పోస్టు చెయ్యి.

ఏం చేస్తానో అడిగావు. ఈ ఈస్టు లోపల ఆరువేల పైచిలుకు జన్యువులుంటాయి. అన్నీ ఒకేసారి పనిచెయ్యవు. ఏవి ఎప్పుడు పనిచేస్తున్నాయో చూడటానికి మా దగ్గర గాజు పలకలున్నాయి, ఒక్కో పలక మీద జన్యువుకి ఒకటి చొప్పున ఆరువేల చుక్కలు. ఆకలిగా ఉన్న ఈస్టులోంచి తీసిన సరుక్కి ఎర్ర రంగు, తిన్నదాని సరుక్కి ఆకుపచ్చ రంగు వేసి రెండూ కలిపి పలక మీద పోస్తాం. ఆకలిలో ఎక్కువ పనిచేసే జన్యువు దగ్గర చుక్క ఎర్రగా వెలుగుతుంది, తిన్నాక ఎక్కువ పనిచేసే దాని దగ్గర ఆకుపచ్చగా. రెండు చోట్లా సమానమైతే పసుపు. అంతే.

నా దగ్గర ఆరు పలకలే ఉన్నాయి. జాగ్రత్త.

అరుణశ్రీ

*

ఆమదాలవలస,
జులై 3, 2012

చిరంజీవి అరుణశ్రీకి అత్త దీవెనలు.

నీ గొట్టాలు ఇవాళే బయల్దేరాయి. పెట్టెలో పెడితే ఐసుకి తడిసిపోతుందని జాబు విడిగా మూడు మడతల ఇన్‌లాండు కవరు మీద రాస్తున్నాను.

పోస్టాఫీసులో నా పరువు పోయింది. కౌంటర్లో నరసింగరావుగారు లోపల ఏముందని అడిగితే, నువ్వు రాసిన మాటే కదా అని ‘మందు’ అన్నాను. ఆయన పెట్టె ముక్కు దగ్గర పెట్టుకున్నారు. “మందని నువ్వే సెప్తన్నావు, కల్లు కంపు నాకు తెలుస్తన్నాది. సర్కారు ఆఫీసులో ఇదేటమ్మా?” అన్నారు. వెనక లైన్లో ఉన్న వాళ్ళందరూ నవ్వారు. మీ మావయ్య వచ్చి, ఆయన చేతిలో నాలుగు వేడి బన్నులు పెట్టి, ఇది మా మేనగోడలి చదువు అని నచ్చచెబితే గానీ ముద్ర పడలేదు. చదువుకి కల్లు వాసనెందుకని ఆయన ఇప్పటికీ అడుగుతున్నారు.

పక్కింటి జగ్గమ్మ గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను పంపుదామంటే నీ పెట్టెలో చోటు లేదు. వాన ఇంకా పడలేదు. నువ్వు అన్నం తింటున్నావా, హాస్టల్లో ఆ ఎండు రొట్టెలేనా? పోయినసారి వచ్చినప్పుడు నీ జబ్బలు చూసి నాకు ఏడుపొచ్చింది, అది కూడా రాయాలా?

ఇట్లు
అత్త

(మూడో మడత మీద, అడ్డంగా)
ఒక మాట. సోమవారం సాయంత్రం గిన్నె మూత తీస్తే తోడు నీరసంగా, నీళ్ళు తేరి ఉంది. రోజంతా పస్తు. గుమ్మం దాటే వాళ్ళ నోరు తీపి చెయ్యకుండా మన ఇంట్లో ఎవరినీ పంపలేదు. నువ్వు పిండి పెట్టొద్దన్నావు, పెట్టలేదు. గొట్టాలు నింపే అరగంట ముందు చెంచాడు పంచదార మాత్రం వేశాను. తప్పా? తప్పయితే రాయి, మానేస్తాను.

*

హైదరాబాద్,
జులై 30, 2012

అత్తా,

జాబు అందింది. పోస్టాఫీసు సంగతి చెబితే హాస్టలంతా నవ్వింది. దూడకి నా తరఫున ఒక ముద్దు.

రెండు పలకలు చేశాం. ఆరువేల చుక్కల్లో ఒక్క ఎరుపు లేదు, ఒక్క ఆకుపచ్చ లేదు. పలక నిండా పసుపే. గైడుగారు తెర ముందు నిలబడి రెండు పలకలనీ మార్చి మార్చి చూశారు. ఈ ఇరవై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదన్నారు.

మళ్ళీ నాలుగు గొట్టాలు పంపుతున్నాను. అన్నీ పోయినసారి లాగే. తొందరగా పంపు, ఈ వారమంతా నాకు ఊపిరాడదు. అన్నం తింటున్నాను.

అరుణ

*

ఆమదాలవలస,
ఆగస్టు 7, 2012

నా బంగారు తల్లి అరుణకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పలక నిండా పసుపని చదవగానే దేవుడి దగ్గర దీపం పెట్టాను. మొదటిసారికే పసుపు తేలిందంటే ఆ అధ్యాయానికి ఇంక అడ్డు లేదు. ఇరవై ఏళ్ళలో చూడలేదని అంత పెద్దాయన అన్నారంటే మాటలా! జగ్గమ్మకి చెప్పాను, ఆమె వీధంతా చెప్పింది. శుక్రవారం పదకొండు మంది ముత్తయిదువులని పిలిచి, పసుపు కుంకుమతో పాటు తలా రెండు బన్నులు ఇచ్చాను. మీ మావయ్య మాత్రం “గాజు పలకకి పసుపేటే, పెళ్ళికూతురా?” అని వెక్కిరించారు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, సంతోషం వస్తే వెక్కిరిస్తారు. ఆ రోజు రస్కులు మాడబెట్టారు కూడా.

గొట్టాలు ఈ ఉదయం పంపాను. నరసింగరావుగారు ఈసారి అడగలేదు. బన్నులు మాత్రం తీసుకున్నారు.

అత్త

(మూడో మడత మీద)
పసుపు పడింది నా పంచదార వల్లేనని నాకు అనుమానం. నువ్వు వద్దని రాయలేదు కాబట్టి ఈసారి రెండు చెంచాలు వేశాను. ఇంకో సంగతి. రోడ్డు వెడల్పు చేస్తారట, బేకరీ గది పోతుంది. మీ మావయ్య మోకాళ్ళు కూడా పొయ్యి దగ్గర నిలబడనివ్వడం లేదు, ఇంక కొత్త కొట్టు పెట్టను అంటున్నారు. పొయ్యి పోయాక తోడెందుకని ఆయన మాట. నీ చదువుకి ఇంకా కావాలా? కావాలంటే ఉంచుతాను. రాయి.

*

హైదరాబాద్,
సెప్టెంబరు 3, 2012

అత్తకి,

పసుపు అంటే ఆ పసుపు కాదు. మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆకలిగా ఉన్నదానికీ తిన్నదానికీ తేడా ఏమీ లేదని అర్థం. అంటే నా ప్రయోగం మట్టి కొట్టుకుపోయిందని అర్థం. దానికి నువ్వు పేరంటం చేశావు. పదకొండు మందికి బన్నులు పంచావు. ఇప్పుడు అమ్మ ఫోన్ చేసి, నాకేదో బహుమతి వచ్చిందట కదా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?

రెండోసారి ఇంకా అన్యాయం. మళ్ళీ పసుపే, ఇంకా చిక్కటి పసుపు. నాలుగు పలకలు బూడిదలో పోసినట్టయింది. రోజంతా పస్తున్న ఈస్టు తిన్న ఈస్టులాగా కనబడటం అసాధ్యం. ఎక్కడో గొట్టాలు తారుమారయ్యాయి. ఇక్కడ పలకలు తడిపి, మిషన్లో పెట్టేది పద్మకుమారిగారు, మన గరివిడి ఆవిడే. పాతికేళ్ళ అనుభవం ఉందని ఎవరి మాటా వినరు. రెండుసార్లూ ‘తిన్నది’ గొట్టాల్లోంచే తీసి రెండు రంగులూ వేసి ఉంటారు. ఆ మాటే గైడుగారికి రాసిచ్చాను. అప్పట్నించి ఆవిడ నాతో మాట్లాడటం లేదు, ల్యాబులో ఎదురైతే గోడకేసి చూస్తారు. నాకూ అవసరం లేదు.

ఇంక రెండే పలకలున్నాయి. ఇప్పుడందరూ కొత్త పద్ధతికి మారిపోతున్నారు, పలకలు చదివే ఈ మిషన్‌ని నవంబరు 12న విప్పి పట్టుకుపోతారు. ఆలోపు అవకపోతే అధ్యాయం తీసెయ్యమన్నారు గైడుగారు. అది తీసేస్తే నా నాలుగేళ్ళలో మిగిలేది సగం పుస్తకం. అర్థమవుతోందా?

కొత్త గొట్టాలు వచ్చాక పంపుతాను.

అరుణశ్రీ

*

ఆమదాలవలస,
సెప్టెంబరు 14, 2012

అరుణశ్రీకి,

పసుపు చెడ్డదని అరవయ్యో ఏట నీ దగ్గర నేర్చుకున్నాను. మంచిది. నీ చదువులో రంగులకి ఏ అర్థాలుంటాయో నాకేం తెలుసు? నువ్వు సంతోషంగా ఉన్నావనుకుని సంతోషించాను. అందుకు నన్ను తిట్టావు. జగ్గమ్మ రోజూ వచ్చి, మీ అమ్మాయికి పట్టా వచ్చిందా అని అడుగుతోంది. ఆమెకి కూడా ఉత్తరం రాసి చెప్పు, అది ఆ పసుపు కాదని.

ఇంక ఆ పద్మకుమారి సంగతి. ఆవిడ గొట్టాలు కలిపేయడం నీ కళ్ళతో చూశావా? చూడకుండా కాగితం రాసి ఆ పెద్దాయనకి ఇచ్చావా? బేకరీలో బన్ను పొంగకపోతే మీ మావయ్య ముందు నన్నే తిడతారు, తర్వాత పిండిని, తర్వాత వానని. ఆఖరికి తనే ఉప్పు ఎక్కువ వేశానని ఒప్పుకుంటారు. నువ్వు ఆయన మేనగోడలివే.

ఒళ్ళు మండి రాస్తున్నాను. నువ్వు తిన్నావా లేదా అని ఈసారి అడగను.

అత్త

(మూడో మడత మీద)
పంచదార గురించి రెండు జాబుల్లో అడిగాను, నువ్వు ఉలకలేదు, పలకలేదు. నీ తిప్పలకి అదే కారణమైతే చెప్పు, నా చెయ్యి నరుక్కుంటాను. బేకరీ ఈ నెల 30కి ఖాళీ చెయ్యాలి. నిన్న మీ మావయ్యతో గొడవపడ్డాను. “పొయ్యే లేనప్పుడు తోడేటే? దానికి రోజూ పిండెవడు పెడతాడు, పారబొయ్యి” అంటున్నారు. నా మాట ఆయన వినరు. తోడు ఉంచమని నీ చేత్తో ఒక్క ముక్క రాస్తే కాదనరు. ఒక్క ముక్క చాలు అరుణా.

*

హైదరాబాద్,
సెప్టెంబరు 27, 2012

అత్తా,

నీతో వాదించే ఓపిక లేదు. ఆఖరి నాలుగు గొట్టాలు ఇందులో ఉన్నాయి. ఈసారి గడియారం చూసి, నేను మొదట రాసింది ఎదురుగా పెట్టుకుని చెయ్యి.

జాబులో గేదెలూ ముత్తయిదువులూ నరసింగరావుగారూ వద్దు. ఏ తారీకున, ఎన్ని గంటలకి తీశావో రెండు ముక్కలు రాస్తే చాలు. నీ జాబు సగం చదివేసరికే అసలు విషయం ఏమీ లేదని తెలిసిపోతోంది. కోపం తెచ్చుకోకు, నాకు నిజంగా టైము లేదు.

అరుణ

*

ఆమదాలవలస,
అక్టోబరు 4, 2012
(పోస్టు కార్డు)

అరుణకి,

నీ పెట్టె నిన్న వచ్చింది. తోడు ఒకటో తారీకున పోయింది. ఉంచమంటావా, పారబొయ్యమంటావా అని రెండు జాబుల్లో మూడో మడత మీద అడిగాను. నీకు అక్కర్లేదనుకున్నాను.

మీ మావయ్య కాలవలో పోస్తానన్నారు. నేనొప్పుకోలేదు, పెరట్లో అరటి పాదులో నేనే పోశాను. నా పెళ్ళయిన ఏడు కళింగపట్నం అసిరయ్య తెచ్చిన కల్లుతో మొదలైంది అది. ఇంట్లో పిల్లలు లేరు, అదొక్కటి ఉండేది రోజూ పిండి పెట్టడానికి. ఏడ్చాను. ఇప్పుడు మీ మావయ్య పొద్దున్నే లేచి ఖాళీ జాడీ మూత తీసి చూస్తున్నారు. అడిగితే చీమలు పట్టాయేమోనని అంటున్నారు.

నీ గొట్టాలు భద్రంగా ఉన్నాయి. ఇన్‌లాండులు అయిపోయాయి, అందుకే కార్డు. దీనికి మడతలు లేవు, అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది.

అత్త

*

హైదరాబాద్,
అక్టోబరు 14, 2012

అత్తకి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నీ కార్డు ల్యాబులో నిలబడే చదివాను. సొరుగులోంచి నీ మూడు ఇన్‌లాండులూ తీశాను. మూడో మడత సగం అంటుకునే ఉంది, మూడింటికీ. నేను ఎప్పుడూ దాన్ని విప్పలేదు. పై రెండు వైపులూ చదివి, ‘ఇట్లు అత్త’ కనబడగానే పక్కన పడేసేదాన్ని. బ్లేడుతో ఒక్కొక్కటీ విప్పి చదివాను.

పంచదార వల్లే అత్తా. నువ్వు పసిగట్టినట్టే. ఆకలితో ఉన్న ఈస్టుకి చెంచాడు పంచదార తగిలితే అరగంటలో ఆకలి సంగతి మర్చిపోతుంది. ఆకలి నాటి జన్యువులన్నీ మూసేసి తిన్ననాటి జన్యువుల పని మొదలుపెడుతుంది. అందుకే పసుపు. రెండు చెంచాలకి చిక్కటి పసుపు. నేను రెండున్నర నెలలు జుట్టు పీక్కుని వెతికిన జవాబు జులై మొదటి వారం నుంచీ నా సొరుగులో ఉంది. నువ్వు తప్పా అని అడిగావు కూడా. తప్పు నీది కాదు. జవాబు రాయనిదాన్ని నేను.

తోడు పోయింది నా వల్ల. నువ్వు ఒక్క ముక్క అడిగితే నేను నీకు గడియారం చూడటం నేర్పాను. చాలా సిగ్గుగా ఉంది. ఎంత రాసినా తక్కువే.

తర్వాత పద్మకుమారిగారి దగ్గరికి వెళ్ళాను. నా కాగితం తప్పని గైడుగారికి ముందే రాసిచ్చి, ఆ నకలు ఆవిడకి ఇచ్చాను. నీ మడతలు కూడా చూపించాను. ఆవిడ కూర్చుని మూడూ మొదట్నించి చివరిదాకా చదివారు, దూడ సంగతితో సహా. అప్పుడు అడిగారు.

“మీ అత్త ఇన్ని సార్లు అడిగితే, నువ్వు ఒక్క మాట సెప్పనేదా?”

లేదన్నాను. ఆవిడ జాబులు మడిచి నా చేతికిచ్చారు. మర్నాడు ఇంటి నుంచి స్టీలు క్యారేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మూత తీస్తే కల్లు వాసన. మేలో నేను తెచ్చిన హార్లిక్స్ సీసాలో మాకు కావలసింది తీసుకున్నాక, మిగిలింది కడిగెయ్యమని ఆవిడకే ఇచ్చాను. ఆవిడ కడగలేదట. బొబ్బట్ల పిండి పారబోసినా ఊరుకోని మనిషి, బతికున్న తోడుని పారబోస్తారా? ఇంటికి పట్టుకెళ్ళి, వారానికి రెండుసార్లు పిండి పెడుతూ, పిల్లలకి రొట్టెలు చేసి పెడుతున్నారు. నేను ఆవిడ మీద కాగితం రాసిన రోజున కూడా ఆవిడ మన తోడుకి తిండి పెట్టారు.

ఆవిడ దసరాకి చెల్లెలింటికి శ్రీకాకుళం వస్తున్నారు. 21వ తారీకు ఉదయం ఆమదాలవలసలోనే రైలు దిగుతారు. క్యారేజీ ఆవిడ చేతిలో ఉంటుంది, మావయ్యని స్టేషన్‌కి పంపు. మూతకి సూదితో బెజ్జం పెట్టాను, పొంగి బట్టల మీద పడకుండా. పొయ్యి లేకపోతే దిబ్బరొట్టె వెయ్యండి, దోసెల్లో కలపండి, ఏమైనా చెయ్యండి. నా కోసం కాకపోయినా మావయ్య మూత తీసినప్పుడు అందులో ఏదో ఒకటి ఉండాలి.

మిషన్ పోవడానికి ఇంకా నాలుగు వారాలుంది. తోడు మీ నీళ్ళకీ మీ పిండికీ ఒక వారం అలవాటు పడ్డాక, నీకు ఇష్టమైతే ఆ గొట్టాలు నింపు. సోమవారం సాయంత్రం దాన్ని అలా చూడలేకపోతే నువ్వు జగ్గమ్మ ఇంటికి వెళ్ళిపో, మావయ్య నింపుతారు. వద్దనుకుంటే మానెయ్యి. అధ్యాయం పోతే పోతుంది. ఈ మాట గైడుగారికి చెప్పొద్దు.

గేదె ఎలా ఉంది? దూడకి ఏం పేరు పెట్టారు? నరసింగరావుగారు బన్నుల్లేకుండా ముద్ర వేస్తున్నారా? అన్నీ రాయి, మూడు వైపులా నింపి.

నీ
అరుణ

(మూడో మడత మీద, అడ్డంగా)
ఇందాక బెజ్జం పెట్టి క్యారేజీ మూసే ముందు చూస్తే తోడు నీరసంగా, నీళ్ళు తేరి ఉంది. వచ్చే వారం రాత్రంతా ప్రయాణం. చెంచాడు పంచదార వేశాను. తప్పా?